జల్లెడలో పడని రాయి

గ్యోక్-లాన్ నానమ్మ వండిన అన్నంలో ఇరవయ్యారేళ్ళుగా ఒక్క రాయి కూడా రాలేదు. ఈ రోజుల్లో మిల్లులోనే మిషన్లు రాళ్ళేరి సంచి కుట్టేస్తాయి, ఎవరింట్లోనూ రావు, అందులో గొప్పేముందని కోడళ్ళు అంటారు, ఆవిడకి వినపడనంత దూరంలో నిలబడి. నానమ్మ మాత్రం మిల్లును నమ్మదు. తెల్లవారగానే వెదురు చేట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. బియ్యాన్ని ఒకసారి కళ్ళతో ఏరుతుంది, ఒకసారి వేళ్ళతో ఏరుతుంది, మూడోసారి కళ్ళు మూసుకుని ఏరుతుంది. పాయసంలోకి పోసే ఎర్ర చిక్కుడు గింజలైతే నాలుగుసార్లు. ఇంట్లో ఎవరికైనా ఆకలేస్తే వాళ్ళ ఖర్మ.

అదే సమయానికి తాత వాకిట్లో ఉంటాడు. ఆయన పేరు కిమ్-థో. అంటే బంగారు మన్ను. తల్లిదండ్రులు ఏ ముహూర్తాన పెట్టారోగానీ డెబ్భై ఎనిమిదేళ్ళ బతుకూ మన్నుతోనే గడిచింది, బంగారం సంగతి ఎవరూ ఎత్తరు. ఆ వాకిలి రెండు కార్లు పక్కపక్కన పెడితే నిండిపోతుంది. దానికి తాత రోజూ నీళ్ళు చిలకరించి, దంతె లాగి, దంతె గీతల్ని చీపురుతో చెరిపి, ఆఖరున బోర్లా పడుకుని నేలకి చెంప ఆనించి, ఒక కన్ను మూసుకుని చూస్తాడు, ఎక్కడైనా చీమ తలంత ఎత్తుందేమోనని. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ ఒకడు ఆ భంగిమలో చూసి, ముసలాయన పోయాడనుకుని అంబులెన్సుకి ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చి వాకిలిని తొక్కేసినందుకు తాత ఆ పోస్టుమాన్‌తో ఇప్పటికీ మాట్లాడడు.

ఆ వాకిట్లో ఎవరూ నడవకూడదు. కొడుకులైనా, కోళ్ళైనా, టౌన్ కౌన్సిల్ మెంబరైనా గోడవారగా ఒకరి వెనక ఒకరు దొంగల్లా నడిచి రావాల్సిందే. నానమ్మ కూడా అంతే. బియ్యం ఏరడం అయ్యాక ఆవిడ చేట పట్టుకుని, గోడకి భుజం రాసుకుంటూ, చుట్టూ తిరిగి వెనక వంటింట్లోకి వెళ్తుంది. వంటింట్లో బియ్యం డబ్బా ఉంటుంది, డబ్బా మూతమీద ఒక నల్లటి రాయి ఉంటుంది. గోరింక గుడ్డంత రాయి. సబ్బులా నున్నగా ఉండి, నడుముకి మొలతాడు కట్టినట్టు సన్నటి తెల్లని గీత. మూత తీసే ముందు నానమ్మ ఆ రాయిని పక్కన పెడుతుంది, మూత వేశాక మళ్ళీ మీద పెడుతుంది. రోజుకి రెండుసార్లు. తాత ఆ వేళకి వంటింట్లోకి రాడు.

ఒకప్పుడు ఇద్దరూ ఊరి చివర బేస్‌బాల్ మైదానంలో పని చేసేవాళ్ళు. అది కొంగల జట్టు మైదానం. జీతానికి ఆడే పెద్ద ఆటగాళ్ళ జట్టు అది. కొంగలు గెలిచిన సాయంత్రం పింగ్‌టుంగ్ ఊళ్ళో వక్కాకు దుకాణాల దగ్గర నేలంతా ఎర్రగా ఉండేది. తాత మైదానానికి పెద్ద. కొండ ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఏటి ఇసుక ఒక పాలు కలిపి, బంతి సమంగా దొర్లేలా నేల తయారు చెయ్యడం ఆయన విద్య. ఆ మట్టినీ ఇసుకనీ జల్లించడం నానమ్మ పని. "మైదానమంతా నా ఒళ్ళోంచి జారిందే. పురుడు పోసుకున్నట్టే అనుకో" అనేది మార్కెట్లో. తాతకి వినడానికి సిగ్గేసేది, కానీ కాదనడానికి లేదు.

ఆ జట్టులో అ-హోంగ్ అని ఒక కుర్రాడుండేవాడు. ఇరవై రెండేళ్ళు. కొండలకి అవతల, తూర్పు సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లెవాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య, బంతి అన్నిటికంటే వేగంగా దొర్లుకొచ్చే చోట నిలబడేవాడు. ఆట మొదలయ్యే ముందు టోపీ తీసి నేలకి వంగి దణ్ణం పెట్టేవాడు. అందరూ పెడతారు, కానీ వాడు పెట్టాక ఆ మట్టిని అరచేత్తో ఒకసారి తట్టేవాడు, గేదెను తట్టినట్టు. అది చూసి తాత వాణ్ణి ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆ తర్వాత పిలవాల్సిన అవసరం రాలేదు.

"పెద్దమ్మా, ఇంకో గిన్నె," అనేవాడు.

"నాలుగోది. కడుపా, పడవా?"

"పడవే పెద్దమ్మా. చిల్లు కూడా ఉంది."

నానమ్మ తిట్టుకుంటూనే వడ్డించేది. సొంత కొడుకులకి పెట్టని పంది మాంసం ముక్క అన్నం అడుగున దాచిపెట్టేది. కొడుకులు ఈ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

తొంభై ఆరు ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. చివరి ఇన్నింగ్స్, ఇంకొక్కడు అవుటైతే కొంగలు గెలిచినట్టే. బంతి అ-హోంగ్ వైపు దొర్లుకుంటూ వచ్చింది. ఏమంత బంతి కాదది, నానమ్మ కూడా చేటతో పట్టేసేది. వాడి ముందుకొచ్చాక ఏం జరిగిందో ఎవరికీ కనపడలేదు. బంతి వాడి చేతిని దాటి వెనక గడ్డిలోకి పోయింది. అవతలి జట్టుకి రెండు పరుగులు వచ్చేశాయి, కొంగలు ఓడిపోయాయి. జనం కుర్చీలెక్కి అరిచారు. అ-హోంగ్ మోకాళ్ళమీద కూలబడి, మట్టిలో వేళ్ళు గుచ్చి కెలికి, ఒక రాయి పైకెత్తి అందరికీ చూపించాడు. టీవీవాళ్ళు కూడా ఆ చేతినే చూపించారు.

ఆట అయ్యాక మేనేజర్ కాంగ్ తన గదిలోకి అందరినీ పిలిచాడు. రాయిని బల్లమీద పెట్టాడు.

"కిమ్-థో, ఇదేమిటి?"

తాత చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్న క్షణంలోనే తెలిసింది. కొండమట్టిలో వచ్చేవి తుప్పు రంగు రాళ్ళు, వేలితో నలిపితే పొడవుతాయి. ఏటి ఇసుకలో వచ్చేవి బూడిద రంగు రాళ్ళు, పలకలు పలకలుగా విడిపోతాయి. ఇది రెండూ కాదు. ఇరవయ్యో ఏట సైన్యంలో చేరినప్పుడు తాతని తూర్పు తీరానికి రోడ్లు వెయ్యడానికి పంపారు. అక్కడ ఒడ్డంతా ఇవే. నల్లగా, నున్నగా, తెల్లగీతతో. రెండేళ్ళు వాటిమీద పడుకున్నాడు. చెయ్యి మర్చిపోయినా వీపు మర్చిపోదు. ఆ రాయి కొండలు దాటి పింగ్‌టుంగ్ మట్టిలోకి రావాలంటే ఎవరి జేబులోనో రావాలి.

తల ఎత్తి అ-హోంగ్ వైపు చూశాడు. అ-హోంగ్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

పిల్లాడు చేతగాక బంతి వదిలేశాడు, సిగ్గేసి చిన్న అబద్ధం ఆడాడు, అనుకున్నాడు తాత. అంతకుమించి తోచలేదు. ఒక్క అబద్ధానికి కుర్రాడి బతుకు బజారున పెట్టడం దేనికి? మేనేజర్ నాలుగు తిట్లు తిడతాడు, మనం రెండుసార్లు నడుం వంచుతాం, రేపటికి మర్చిపోతారు.

"మట్టి నీది. జల్లెడ ఎవరిది?" అన్నాడు మేనేజర్.

తాత నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర్నుంచి నానమ్మ పలికింది. "నాదేనండీ. మొన్ననే తీగ బిగించాను. ఇంత రాయి పడదండీ అందులో, పడే సందే లేదు."

"అయితే ఆకాశంలోంచి పడిందా?" మేనేజర్ రాయిని ఆవిడ కాళ్ళ దగ్గరికి విసిరాడు. "తీసుకెళ్ళి దాచుకో. రేపట్నుంచి రావద్దు."

నానమ్మ తాత వైపు చూసింది. మట్టి గురించి ఆ ఊళ్ళో చివరి మాట ఆయనదే. ఆయన కాదంటే మేనేజరైనా ఒప్పుకోవాలి. తాత కిటికీలోంచి మైదానం వైపు చూశాడు.

రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు ఆవిడ ఏడుస్తోంది. ఎల్లుండి ఏడవడం మానేసి జల్లెడ తీగల్ని దీపం ముందు పెట్టి ఒక్కొక్క కన్నూ చూస్తోంది. వారం పోయాక చెబితే, "వారం ఎందుకాగావు?" అంటుంది. నెల పోయాక చెబితే నెల సంగతి అడుగుతుంది. ఇలా మాట ఊరిన కొద్దీ పచ్చడిలా ఘాటెక్కింది, నోట్లో పెట్టుకోవడానికే భయం వేసేంత.

మరుసటి ఏడు పోలీసులొచ్చారు. కొంగల జట్టులో తొమ్మిదిమంది జూదగాళ్ళ చేతిలో పడి, కావాలనే ఆటలు ఓడిపోయారని బయటపడింది. చొక్కాలు తలమీద కప్పుకుని ఆటగాళ్ళు వరసగా వ్యానెక్కారు. అ-హోంగ్ చొక్కా కప్పుకోలేదు. ఊరి జనం మైదానం గేటు ముందు ఇనప డబ్బా పెట్టి, కొంగల టోపీలతోపాటు చచ్చినవాళ్ళకి తగలబెట్టే కాగితపు డబ్బు కూడా తగలబెట్టారు. బతికున్న జట్టుకి కర్మ చేసేశారు. మూడు రోజులు ఆ బూడిద ఎగిరొచ్చి తాత దున్నిన ఎర్రమట్టిమీద తెల్లగా పడింది. ఆయన రోజూ తుడిచాడు. అక్కడ ఆడేవాళ్ళెవరూ లేకపోయినా తుడిచాడు.

పేపర్లో ఓడిపోయిన ఆటల జాబితా వేశారు. పద్నాలుగు. నానమ్మ పక్కింటామె చేత రెండుసార్లు చదివించుకుంది.

"మొదటిది జూన్‌ది కదూ?"

"జూన్ ఎనిమిది."

"ఏప్రిల్‌ది లేదూ? సరిగ్గా చూడు."

"లేదమ్మా, ఎన్నిసార్లు చూడను!"

ఆ సాయంత్రం నానమ్మ అన్నం ముందు కూర్చుని చెప్పింది. "ఏప్రిల్‌లో వాడు నిజంగానే ఆడాడయ్యా. నా రాయి తగిలి బంతి పోయింది. ఊరంతా తిట్టింది, గుండె చెదిరింది. చెదిరిన పిల్లాణ్ణే కదా దొంగలు పట్టుకునేది! నా జల్లెడ బాగుంటే వాడు చెడేవాడు కాదు."

అప్పుడు చెప్పాల్సింది. తాత నోట్లో అన్నముంది. మింగేశాడు, అన్నాన్నీ మాటనీ కూడా.

ఆ రాత్రి నుంచే నానమ్మ బియ్యం మూడుసార్లు ఏరడం మొదలుపెట్టింది. తాతకి ఒక చప్పుడు పట్టుకుంది. టక్. బంతి రాయికి తగిలిన చప్పుడు. అక్కడ రాయే లేదని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడికే ఆ చప్పుడు వినపడేది. పళ్ళు తోముకుంటుంటే టక్. బస్సులో కునుకు పడితే టక్. చేటలో వేలు తగిలి గింజ ఎగిరితే ఉలిక్కిపడేవాడు. మైదానం మూతపడింది, దాన్ని ఒక పెద్ద దుకాణంవాళ్ళు కొని, మట్టి మీద తారు పోసి కార్లు నిలపడానికి వాడుకున్నారు. అ-హోంగ్ నిలబడే చోట ఇప్పుడు పసుపు గీతల మధ్య ఎవరిదో వ్యాను ఉంటుంది. దుకాణానికి సామాన్ల కోసం వెళ్ళినా తాత ఆ గడిని తొక్కడు.

మైదానం వెనక ఉండిన భూదేవుడి గుడిని మాత్రం ఎవరూ కదపలేదు. ఆ దేవుడు కూడా పొట్టిగా, తెల్లగడ్డంతో, ఆ నేల పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసిన ముసలాయనే. ప్రతి నెలా విదియకీ, పున్నమి మర్నాడు పదహారో నాటికీ తాత అక్కడికి అగరొత్తులు పట్టుకెళ్ళి, అర్ధచంద్రాల్లాంటి రెండు చెక్కలు నేలమీద వేసి దేవుణ్ణి అడుగుతాడు. చెక్కకి ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే అవును. రెండూ ఉబ్బు పైకొస్తే కాదు. రెండూ చదును పైకొస్తే దేవుడు నవ్వుతున్నాడని.

తాత అడిగేది ఒకటే. "స్వామీ, ఆ రాయి మన మట్టిదేనా?"

దేవుడు నవ్వేవాడు. ఇరవయ్యారేళ్ళలో నెలకి రెండుసార్లు. మధ్యలో అవునూ కాదూ ఏవో కొన్ని పడ్డాయి, కానీ చాలామటుకు నవ్వే.

గుడి చూసుకునే థాయ్-అ, వక్క నమిలి నమిలి పళ్ళు నల్లబడ్డ మనిషి, ఒకరోజు విసుగెత్తి అన్నాడు. "ఒరేయ్ కిమ్-థో, నువ్వేం అడుగుతున్నావో నాకు తెలీదు. కానీ తెలిసిన సంగతే అడిగితే ఆయన నవ్వక ఏడుస్తాడా?"

"నీ పని నువ్వు చూసుకోరా."

"నా పని ఇదే. నీ అగరొత్తుల బూడిద ఎత్తడం."

మొన్న చలికాలంలో, ఒక మంగళవారం పొద్దున నానమ్మ మార్కెట్‌కి వెళ్ళింది. తాత వాకిట్లో చెంప ఆనించి పడుకుని ఉన్నాడు. నేలకి ఆనిన కంటికి దూరంగా రెండు బూట్లు కనిపించాయి. అవి వాకిలి అంచు దగ్గర ఆగిపోయాయి. టోపీ తీసిన నీడ కనిపించింది. ఒక అరచెయ్యి వచ్చి నేలని మెల్లిగా తట్టింది.

తాతకి లేవడానికి చాలాసేపు పట్టింది. నడుం వల్లనే.

అ-హోంగ్‌కి జుట్టు నెరిసింది. పొట్ట వచ్చింది. చేతిలో సీతాఫలాల అట్టపెట్టె. వాళ్ళ ఊరివైపు తోట వేశాడట. "ఎంత చదును పెదనాన్నా!" అన్నాడు. "దీనిమీద బంతి వదిలితే సముద్రం దాకా పోతుంది."

"ఎందుకొచ్చావురా?" అన్నాడు తాత. కాఫీ తాగుతావా అనాల్సిన చోట అది వచ్చింది.

"పెద్దమ్మని చూడటానికి. చెప్పాల్సింది ఒకటుంది." అ-హోంగ్ సిగరెట్ ముట్టించి గోడవారన గొంతుక్కూర్చున్నాడు. "పద్నాలుగు ఆటలు ఒప్పుకున్నాను పెదనాన్నా. పోలీసులు అడిగినవి అన్నీ ఒప్పుకున్నాను. ఏప్రిల్‌ది వాళ్ళు అడగలేదు. అదే మొదటిది. జూదగాళ్ళు హోటల్ గదిలో కూర్చోబెట్టి, బల్లమీద తుపాకీ పెట్టి, ఒక్క ఆటే అన్నారు. నేను రాయి జేబులో వేసుకుని వెళ్ళాను. మా ఊరి రాయి. అమ్మ ఇచ్చింది, అదృష్టానికని."

తాత చుట్టుపక్కల చూశాడు. "గట్టిగా మాట్లాడకు."

"ఒకటి అడగనా? ఆ రోజు మీరు దాన్ని చేతిలో తిప్పి చూశారు. మీకు తెలిసిపోయింది కదూ?"

తాత దంతె గీత ఒకటి వేలితో చెరిపాడు.

"తెలిసిందని నాకూ తెలిసింది. చెప్పేస్తారనుకున్నాను. పెదనాన్నా, ఒట్టు, చెప్పేస్తే బాగుండు అనుకున్నాను! పట్టుబడితే ఇక నాతో వాళ్ళకి పనుండదు. మీరు కిటికీలోకి చూశారు. సరే, ఇంకెవరూ ఆపరు అనుకున్నాను." కొంచెం నవ్వాడు. "మిమ్మల్ని అనడానికి రాలేదు. ఆ పద్నాలుగూ నావే. పెద్దమ్మ పోగొట్టుకున్న పని సంగతే..."

"అది ఆవిడకి చెప్పొద్దు."

"అందుకే వచ్చాను."

"వద్దన్నానా! ఆవిడకి బీపీ. పళ్ళు పెట్టి వెళ్ళు. పదిన్నర రైలుంది."

ఆవిడకి బీపీ లేదు. బీపీ ఉన్నది తాతకి. అ-హోంగ్ ఆయన ముఖంలోకి చూసి, లేచి, పెట్టె గోడమీద పెట్టాడు. గోడవారగానే నడిచి వెళ్ళిపోయాడు. నేలకి ఒక్క గుర్తు కూడా పడకుండా.

నానమ్మ వచ్చి పెట్టె చూసింది. పెట్టెమీద తోట పేరూ, కింద అ-హోంగ్ పేరూ అచ్చు వేసి ఉన్నాయి. చదువు రాకపోయినా ఆ పేరు ఆవిడకి బొమ్మలా గుర్తు, ఒకప్పుడు చొక్కా వెనక వెయ్యిసార్లు చూసింది.

"వాడొచ్చాడా?"

"పోస్టులో వచ్చింది," అన్నాడు తాత.

"పోస్టుమాన్‌తో నువ్వు మాట్లాడవుగా." చీపురు పక్కన కిందపడ్డ సిగరెట్ పీక చూసింది. పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. "ఇంత దూరం వచ్చి, నేను ఇంట్లో లేని వేళ చూసుకుని, పళ్ళు పెట్టి వెళ్ళాడా? నా ముఖం చూడలేకపోయాడన్నమాట. ఇన్నేళ్ళయినా వాడికి ఆ రాయి గుర్తుంది."

"అది కాదే..."

"మరేమిటి?"

తాత చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గుడికి బయల్దేరాడు. విదియ కాదు, పదహారూ కాదు. అది చూసి థాయ్-అ వక్క ఉమ్మేసి లేచి నిలబడ్డాడు.

ఈసారి తాత ప్రశ్న మార్చాడు. "స్వామీ, దానికి చెప్పెయ్యనా?"

చెక్కలు వేశాడు. అవును. పెద్ద సంగతులకి మూడుసార్లు వరసగా పడాలి. మళ్ళీ వేశాడు. అవును. మూడోసారి వేస్తుంటే ఒక చెక్క జారి బల్ల కిందికి దొర్లిపోయింది. ముసలాళ్ళిద్దరూ చేతులూ మోకాళ్ళూ ఆనించి, బల్ల కింద దూరి చూశారు. చెక్క గోడకీ నేలకీ మధ్య అంచు మీద నిలబడి ఉంది. అటూ పడలేదు, ఇటూ పడలేదు.

"నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఇలా నిలబడటం ఇది రెండోసారి," అన్నాడు థాయ్-అ గుసగుసగా.

"అంటే ఏమిటి?"

"నాకేం తెలుసు! ఆయన చేతులు దులుపుకున్నాడు. ఇక నీ నోరే దిక్కు."

తాత ఇంటికి వచ్చేసరికి నానమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని ఎర్ర చిక్కుడు గింజలు ఏరుతోంది. సీతాఫలాల పెట్టె విప్పలేదు. తాత గోడవారగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నాయి. అది మూడోసారి ఏరడం. ఆ కళ్ళు మూసి ఉండగానే చెప్పేశాడు. ఎక్కడి రాయో, ఎలా తెలుసో, ఎవరి జేబులోంచి వచ్చిందో, తను కిటికీలోంచి ఎందుకు చూశాడో, పొద్దున వాడు వస్తే ఏమని పంపేశాడో. చెబుతున్నప్పుడు తన మాట తనకే చిన్నగా, ఎవరో పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినపడింది.

నానమ్మ వేళ్ళు ఆగలేదు. మూడోసారి అయ్యింది. నాలుగోసారి మొదలుపెట్టలేదు. కళ్ళు తెరిచి తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, వాటికేదో అంటుకున్నట్టు.

"ఆ జల్లెడ మంచిదేనా?" అంది.

"మంచిదే."

"తీగ గట్టిగానే కట్టానా?"

"దానంత గట్టి జల్లెడ నేను చూడలేదు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. తాత టీవీ పెట్టాడు, తీసేశాడు. వాకిలి ఊడ్చాడు, అది ఊడ్చే ఉంది. టక్ చప్పుడు కోసం చెవి పెట్టాడు. వినపడలేదు. అది లేకపోయేసరికి ఇంకా భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి పిలుపు వచ్చింది. గిన్నె చేతికిచ్చి నానమ్మ ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ ఆయన తిన్నాక తినే మనిషి, ఎదురుగా కూర్చుని చూస్తోంది. అన్నం పైన ముల్లంగి, సొరచేప ముక్క. తాత రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కొరికాడు.

టక్.

ఇరవయ్యారేళ్ళుగా తలలో తిరిగిన చప్పుడు ఈసారి నిజంగా నోట్లోంచి వచ్చింది, కుడివైపు దవడ పన్ను ముక్కతో సహా. తాత రాయిని అరచేతిలోకి తీసుకున్నాడు. నల్లగా, వేడిగా ఉంది. తెల్ల గీతకి అన్నం మెతుకులు అంటుకున్నాయి. అనుమానంగా డబ్బా వైపు చూశాడు. మూతమీద ఏమీ లేదు.

"ఏమిటది?" అంది నానమ్మ.

"రాయి."

"నా జల్లెడలోంచి వచ్చిందా?"

"కాదు."

"వినపడలా. కోళ్ళక్కూడా వినపడాలి."

"కాదు! నీ జల్లెడలోంచి రాలేదు! తూర్పు సముద్రానిది!" ముసలాయన గొంతు చీలిపోయింది. పక్కింటామె కిటికీ తెరిచింది.

నానమ్మ తల ఊపింది. "ఇరవయ్యారేళ్ళు నా వేళ్ళని నేను నమ్మలేదు," అంది మెల్లిగా. "పిల్లలకి ముద్ద కలిపి పెట్టేటప్పుడు కూడా. వాడు నీకు కొడుకులాంటివాడని ఊరుకున్నావు. సరే. మరి నేను నీకు ఏమిటయ్యా?"

తాతకి విరిగిన పన్ను నోట్లో కోసుకుంటోంది.

ఆవిడ రాయిని కడిగి రుమాల్లో మూట కట్టింది. నీలం గౌను తొడుక్కుంది. చేతి సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుంది. సీతాఫలాల పెట్టెమీద పేరు ఉన్న అట్టముక్క చించి, మూటతోపాటు పెట్టుకుంది. ఎనభై దగ్గర పడుతున్నా కొండలు దాటి అవతలికి ఎన్నడూ వెళ్ళని మనిషి.

"ఎక్కడికే?"

"ఈ రాయిని దాని ఊళ్ళో దింపి రావాలి. ఆ పిల్లాడు ఇంటికొచ్చి అన్నం తినకుండా వెళ్ళాడు. నువ్వు పంపేశావు. నేను వాడి చేతి అన్నం తిని వస్తాను."

"నేనూ వస్తాను."

"నువ్వు వాకిలి చూసుకో."

గుమ్మం దిగింది. గోడవైపు తిరగలేదు. నీళ్ళు చిలకరించి, దంతె లాగి, చెంప ఆనించి సరిచూసిన ఆ నేల మధ్యలోంచి, ఒక్కొక్క అడుగూ గట్టిగా ఆనించుకుంటూ, తిన్నగా వీధిలోకి నడిచింది. గేటు దగ్గర ఆగలేదు. తిరిగి చూడలేదు. బస్సు వచ్చింది, ఎక్కింది.

తాత దంతె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాకిలి మధ్యలో పదకొండు అడుగులు పడ్డాయి. మడమలు లోతుగా, వేళ్ళు తేలిగ్గా.

మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే నీళ్ళు చిలకరించాడు, వేళ్ళతో, అడుగుల్లో చుక్క పడకుండా. దంతె లాగాడు, ఒక్కొక్క అడుగు దగ్గరా ఎత్తి, పక్కకి తిప్పి, మళ్ళీ ఆనించి. ఒక కోడి అటు రాబోతే చెప్పు విసిరాడు. ఆ తర్వాత బోర్లా పడుకుని చెంప ఆనించి చూశాడు. నేలంతా చదునుగా ఉంది, మధ్యలో పదకొండు గుంటలు. ఆ వైపు చలికాలంలో వాన పడదు. రెండో రోజూ అలాగే. పన్ను కట్టించుకోమని కొడుకు ఫోన్ చేస్తే, "ఉండనీ, నాలుక్కి పని ఉండాలి" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు ఆగింది. నానమ్మ దిగింది. సంచి మోయలేక ఒకపక్కకి ఒరిగి ఉంది, ఎండు చేపల వాసన వీధి చివరికే కొట్టింది. ముఖం నల్లబడింది. గేటు తీసి, తాత వైపు ఒకసారి చూసింది. తాత గోడ దగ్గర పెట్టిన చీపురు పక్కకి తీశాడు, ఆవిడకి దారి అడ్డు లేకుండా.

నానమ్మ గోడవైపు వెళ్ళలేదు. తన పాత అడుగుల పక్కనే కొత్త అడుగులు వేసుకుంటూ, వాకిలి మధ్యలోంచి ఇంట్లోకి వచ్చింది.